మన థింసాని ఎవరెవరు రికార్డు చేశారు: గ్రామఫోను నుంచి మన ఫోను దాకా

కొంచెం పెద్ద పోస్టు. తీరిక చూసుకుని చదవండి. పెద్దోళ్లకి తప్పులు కనిపిస్తే చెప్పండి, సరిచేసుకుంటాం.

మేం చేసిన మొదటి థింసా రీమిక్స్‌కి మా ఊరి ఆడవాళ్లు అడుగు వెయ్యలేకపోయారు. అక్కడి నుంచే మొదలుపెడతాం.

హాస్టల్‌లో మేం ముగ్గురం. ముగ్గురికీ కలిపి పనికొచ్చే ఫోను ఒకటే. మిగతా రెండింట్లో వీడియో ఎక్స్‌పోర్టు పెడితే మధ్యలో ఆగిపోతాయి. ఇటుకల పండగకి ఊరెళ్లినప్పుడు రికార్డు చేసుకొచ్చిన తుడుము, డప్పు, మోరి చప్పుళ్లని ముక్కలు కోసి, యాప్‌లో వరసగా పేర్చి, కింద బేస్ వేసి మూడు నిమిషాల ట్రాక్ చేశాం. హెడ్‌సెట్‌లో వింటే మాకే ఒళ్లు పులకరించింది. హాస్టల్‌లో అందరూ గెంతారు. ఆ ట్రాక్‌నే తర్వాత ఒక పెళ్లిలో పెద్ద స్పీకర్‌లో పెట్టాం. పెద్దమ్మలు, వదినలు వెనక నుంచి చేతులు పట్టుకుని వరస కట్టారు. నాలుగడుగులు పడ్డాయి. ఐదో అడుగుకి వరస తెగింది. మళ్లీ కట్టారు, మళ్లీ తెగింది. ఒక పెద్దమ్మ నవ్వుతూ, "ఏట్రా ఇది, ఊపిరి తీసుకోదేటి?" అంది. కాసేపటికి స్పీకర్ ఆపించి నిజం తుడుము తెప్పించారు.

ఆ ఊపిరి ఏంటో తెలుసుకోడానికి మాకు రెండు నెలలు పట్టింది. పాత రికార్డింగుని కొయ్యకుండా మొదటి నుంచి చివరి దాకా విన్నాం. యాప్‌లో వేలితో తాళం కొడుతూ వేగం కొలిచాం. మొదట్లో నిమిషానికి 100 దెబ్బల దగ్గర నడిచిన తుడుము చివరికొచ్చేసరికి 130 దాటింది. అదీ మెట్టు మెట్టుగా పెరగలేదు. వరస వంగినప్పుడు తుడుము కొంచెం నిదానిస్తుంది. వరస లేచినప్పుడు తోస్తుంది. వాయించే మావయ్య పక్కోడి డప్పు వింటూ వాయిస్తున్నాడని మేం ఇన్నాళ్లూ అనుకున్నాం. ఆయన ఆడవాళ్ల పాదాలు చూస్తూ వాయిస్తున్నాడు. మేమేమో బాగా పడిన ఎనిమిది దెబ్బలు కోసి, వాటినే వందసార్లు తిప్పాం. ఆ పైన క్వాంటైజ్ అనే బటన్ నొక్కాం.

ఈ బటన్‌కి కూడా ఒక చరిత్ర ఉంది. 1980లో అమెరికాలో రోజర్ లిన్ అనే ఆయన ఎల్‌ఎం-1 అనే డ్రమ్ మెషీన్ తయారుచేశాడు. నిజం డ్రమ్ముల చప్పుడుని చిప్పులో దాచి వాయించిన మొదటి డ్రమ్ మెషీన్ అదే. వాయించేవాడి దెబ్బ రవ్వంత ముందో వెనకో పడితే దాన్ని దగ్గర్లో ఉన్న గడిలోకి లాగేసే ఏర్పాటు అందులో ఉంది. మరీ గడిలో కూర్చుంటే పాట కర్రలా ఉంటుందని ఆయనకీ తెలుసు. అందుకే కొంచెం ఊగేలా చేసే స్వింగ్ కూడా పెట్టాడు. ఆ గడులే ఇప్పుడు మన ఫోనులో ఉన్నాయి. చాలా యాప్‌లు తెరవగానే నిమిషానికి 120 దెబ్బలు, నాలుగు దెబ్బల తాళం దగ్గర నిలబడి ఉంటాయి. మనం ఏమీ చెప్పకపోతే అదే మన పాట.

1983లో మిడి వచ్చింది. వేరే వేరే కంపెనీల కీబోర్డులు, కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోడానికి పెట్టుకున్న భాష అన్నమాట. అందులో స్వరాలకి పియానో మెట్ల లెక్కనే నంబర్లు. మా మోరి స్వరం రెండు మెట్లకీ మధ్య పడింది. ట్యూనర్‌లో ముల్లు అటూ ఇటూ కొట్టుకుంది తప్ప ఎక్కడా నిలబడలేదు. దగ్గర మెట్టుకి లాగాం. మోరి కాస్తా స్కూల్లో ప్రార్థన హార్మోనియంలా తయారైంది. నాయిస్ తీసేసే ఫిల్టర్ వేస్తే ఇంకో చిత్రం. జోడుకొమ్ములు ఒకే పట్టున ఊదే ఊదుడుని అది ఫ్యాన్ చప్పుడు అనుకుని సగం తుడిచేసింది!

యాప్‌లని తిట్టడానికి ఇదంతా రాయడం లేదు. యాప్ లేకపోతే మాకు ఇవేవీ తెలిసేవి కావు. కోసి చూసినందుకే తుడుము ఎలా నడుస్తుందో తెలిసింది. కానీ ఒక అనుమానం మాత్రం పట్టుకుంది. మన పాటని పట్టుకోడానికి వచ్చిన పనిముట్టు ప్రతిసారీ ఇలాగే తన కొలత మన మీద పెట్టిందా? మాకంటే ముందు ఈ కొండల్లో ఎవరెవరు రికార్డు చేశారో వెతకడం అలా మొదలైంది.

మొదట గుర్తుచేసుకోవాల్సింది గిడుగు వెంకట రామమూర్తి గారిని. ఆగస్టు 29 ఆయన పుట్టినరోజు. తెలుగు భాషా దినోత్సవం అని స్కూళ్లలో దండలు వేస్తాం. వాడుక భాష కోసం పోరాడాడని చెప్తారు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నాడని, సవర పిల్లల చదువు కోసం పాటుపడ్డాడని, సవరల పాటలు, కథలు సేకరించాడని మాత్రం ఒక్క ముక్కలో దాటేస్తారు. సవర భాష మీద ఆయన మాన్యువల్ 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో మద్రాసులో అచ్చయ్యాయి. ఒక మాట పట్టుకోడానికి చెప్పేవాళ్ల ఎదురుగా ఎన్నిసార్లు కూర్చుని ఉంటాడో అనిపిస్తుంది. మనం ఒక్కసారి నొక్కి జేబులో పెట్టేసుకుంటున్నాం.

అదే కాలంలో గ్రియర్‌సన్ దొర భాషల సర్వే నడిచింది. ముండా, ద్రావిడ భాషల సంపుటం 1906లో వచ్చింది. భాషలన్నిటినీ ఒకదానితో ఒకటి పోల్చాలి కాబట్టి నమూనాగా అందరి చేతా ఒకే కథ చెప్పించారు. బైబిల్లో తప్పిపోయిన కొడుకు కథ అది. 1913 నుంచి 1929 దాకా దేశంలో చాలా భాషల గొంతులు గ్రామఫోను రికార్డుల మీదకి కూడా ఎక్కించారు. భాష మనది, గొంతు మనది, కథ మాత్రం వాళ్లు ఇచ్చింది. మేం వేసిన ఎనిమిది దెబ్బల లూపు గుర్తొచ్చింది. పోల్చడానికి వీలుగా ఉండాలంటే అందరూ ఒకే గడిలో కూర్చోవాలి.

తర్వాత కెమెరా వచ్చింది. ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమండార్ఫ్ 1940ల మొదట్లో గోదావరి పక్క కొండరెడ్ల మధ్య ఉండి రాసిన పుస్తకం 1945లో వచ్చింది. 'ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్' దాని పేరు. ఆయన తీసిన ఫొటోలు లండన్‌లో సోయాస్ అనే విద్యాసంస్థలో భద్రంగా ఉన్నాయి. అందుకు సంతోషమే. ఆ ఫొటోల్లో ఉన్నవాళ్ల మనవలు లండన్ వెళ్లి చూడలేరు, అదొక్కటే బాధ. మన పక్క చూస్తే భద్రిరాజు కృష్ణమూర్తి గారు కొండదొరల కొండ భాష మీద, అంటే కుబి మీద, రాసిన పుస్తకం 1969లో హైదరాబాద్‌లో గిరిజన పరిశోధన సంస్థ వేసింది. ఆ భాష ఏ కుటుంబానిదో, ఎలా నడుస్తుందో మొదటిసారి అంత వివరంగా చెప్పిన పుస్తకం. కానీ ఇంగ్లీషులో ఉంది. ఆ భాష మాట్లాడే ఇంట్లో ఎవరు చదవాలి?

వీళ్లెవరినీ తక్కువ చెయ్యడం మా ఉద్దేశం కాదు. వీళ్లు రాయకపోతే ఇవాళ మనకి చూసుకోడానికి ఏమీ ఉండేది కాదు. కానీ ఒక్కటి గమనించాం. పాట ఊరి నుంచి బయటికి వెళ్లింది. ఊరికి తిరిగి రాలేదు. పాడిన మనిషి తను పాడింది తను వినలేదు.

రేడియో దగ్గర కొంచెం మారింది. విశాఖపట్నం ఆకాశవాణి 1963లో మొదలైంది. కొండ అవతల జైపూర్ కేంద్రం నుంచి వచ్చే దేసియా పాటల కోసం మా తాతలు ట్రాన్సిస్టర్ పట్టుకుని గట్టెక్కేవాళ్లంట. అరకు వైపు ఏ తెగవాళ్లమైనా ఒకరితో ఒకరం మాట్లాడుకునే ఆదివాసీ ఒడియాకి దగ్గర మాట అది. కాబట్టి రాష్ట్రం వేరైనా పాట పరాయిది కాలేదు. ఆదిలాబాద్ ఆకాశవాణి గోండిలో కార్యక్రమాలు ఇచ్చింది.

1980ల్లో క్యాసెట్లు వచ్చాక దేశమంతా చిన్న చిన్న ఊళ్ల పాటలు కూడా అమ్మకానికి వచ్చాయి. స్టూడియోకి లక్షలు పెట్టక్కర్లేదు, ఒక టేప్ రికార్డరు చాలు. మన దగ్గర క్యాసెట్ తర్వాత సీడీ, సీడీ తర్వాత మెమరీ కార్డు. సంతలో ఒక మూల కంప్యూటర్ పెట్టుకుని కార్డులోకి పాటలు ఎక్కించే షాపు మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. శుక్రవారం అరకు సంతకి వెళ్తే ఉప్పు, ఎండుచేపలతో పాటు పాటలు కూడా తెచ్చుకునేవాళ్లం. ఆ ఫోల్డర్లలో మన పాటలు కూడా ఉండేవి. కానీ పాడింది ఎవరో ఉండేది కాదు. "ట్రాక్ 07" అని ఉండేది. అంతే.

సినిమా వాళ్ల గురించి ఎక్కువ రాయం. అరకు వాళ్లకి ఎప్పుడూ వెనక కనిపించే కొండే. వలిసె పూలు పూసిన చేలో హీరో హీరోయిన్, వాళ్ల వెనక మన ఆడవాళ్ల వరస. థింసా ఒక్కటే అనుకుంటారు వాళ్లు. గ్రామదేవత కోసం ఆడే బోడ థింసా వేరు, ఆకులు కోస్తున్నట్టు ఆడే పొతర్ తోల థింసా వేరు, పులి నుంచి తప్పించుకునే బాగ్ థింసా వేరు, భుజాలతో తోసుకుంటూ ఆడే కుండ థింసా వేరు. గుండేరి ఉంది, గొడ్డి బేట ఉంది, నాటికారి ఉంది. నిజం చెప్పాలంటే రీమిక్స్ చేసినప్పుడు మాకూ సగం పేర్లు తెలియవు. సినిమా వాళ్లని అనే ముందు ఇది ఒప్పుకోవాలి.

కెమెరా చేతులు మారిన చోట్లు లేకపోలేదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో పనిచేసిన దళిత ఆడవాళ్లు, చాలామంది బడి మొహం చూడనివాళ్లు, వీడియో కెమెరా నేర్చుకుని తమ పంటల మీద తామే సినిమాలు తీశారు. 2008 అక్టోబర్ 15న మాచనూరులో సంఘం రేడియో మొదలుపెట్టారు. మన పక్క రాష్ట్రం ఛత్తీస్‌గఢ్‌లో 2010లో సీజీనెట్ స్వర మొదలైంది. నెట్ అక్కర్లేదు, మామూలు ఫోన్ నుంచి గొంతు రికార్డు చేస్తే చాలు, ఇంకొకరు ఫోన్ చేసి వినొచ్చు. గోండిలో మాట్లాడితే గోండిలోనే వినిపించింది. ఈ రెండింటి గురించీ మన గ్రూపులో ఎవరైనా ఇంకా వివరంగా రాస్తే బాగుంటుంది.

మన కొండల్లో అసలు మార్పు టవర్లతో వచ్చింది. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చినప్పుడు కింద ఊళ్లలో డేటా వరద. మాకు మాత్రం సిగ్నల్ కోసం గుట్టెక్కడమే. 2023 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఒకేసారి 100 టవర్లు ప్రారంభిస్తే అందులో ఎక్కువ భాగం మన అల్లూరి జిల్లాలోనివే. ఈలోగా టిక్‌టాక్ వచ్చింది, 2020 జూన్ 29న ఇంకో 58 యాప్‌లతో కలిపి నిషేధమూ అయింది. ఆ కొద్ది కాలంలోనే మన పిల్లలు ఎడిటింగ్ నేర్చేసుకున్నారు. ఎవరూ పాఠం చెప్పలేదు. ఎవరో ఒక అన్న సంతలో చూపించాడు, అతన్ని చూసి ఇంకొకడు. కైన్‌మాస్టర్‌లో లేయర్ పెట్టడం, బ్యాండ్‌ల్యాబ్‌లో ట్రాక్ మీద ట్రాక్ వెయ్యడం అలాగే వచ్చాయి. వేరే ఫోన్లో రికార్డు చేసిన ఆడియో వీడియోతో కలవకుండా జారిపోతుంటే మొదట్లో ఒక చప్పట్లు కొట్టించి ఆ చప్పట్ల దగ్గర కలపడం మాకు మేమే కనిపెట్టామనుకున్నాం. తర్వాత తెలిసింది, సినిమా వాళ్ల క్లాప్ బోర్డు పనీ అదేనంట!

ఇప్పుడు రాయడానికి ఇష్టం లేని సంగతి.

బాయ థింసా మీకు తెలుసు. గణాచారి మీదకి దేవత వచ్చినప్పుడు ఆడేది. రెండేళ్ల క్రితం మేం అది తీశాం. ఎవరినీ అడగలేదు. అందరం ఊరివాళ్లమే కదా అనుకున్నాం. జుట్టు విరబోసుకుని ఊగుతున్న ఆమెని స్లో మోషన్‌లో పెట్టాం. ఎర్ర ఫిల్టర్ వేశాం, కింద సినిమా దెయ్యం మ్యూజిక్ వేశాం. ఎడిటింగ్‌గా చూస్తే మేం చేసినవాట్లో అదే బాగా కుదిరింది. రెండు రోజుల్లో ఎక్కడెక్కడికో పోయింది. మాకు లైకుల ఆనందం. మూడో రోజు తెలిసింది, వేరే ఊరి హాస్టల్‌లో చదువుకునే ఆమె కూతుర్ని తోటి పిల్లలు దెయ్యం కూతురని ఏడిపిస్తున్నారని. ఆ పిల్ల ఇంటికొచ్చేసింది. వెళ్లి కాళ్ల మీద పడ్డాం. ఆవిడ ఏమీ అనలేదు. దిసారి తాత మాత్రం ఒకటి అడిగాడు. "ఆ పాట ఆ రాత్రికి. మీరు పగలు, రోడ్డు మీద, బస్సులో పాడిస్తున్నారు. ఎవరి సెలవు తీసుకున్నారు?"

డిలీట్ చేశాం. మా దగ్గరే డిలీట్ అయింది. కాపీలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. గత నెల ఒక రీల్‌లో చూశాం, మా ఫిల్టర్‌తో సహా. ఆ పిల్ల ఆరు నెలల తర్వాత మళ్లీ బడికెళ్లింది.

ఇలాంటిది ప్రపంచంలో ఇంకెక్కడైనా జరిగిందా అని వెతికితే తైవాన్ కనిపించింది. అక్కడ ఆమిస్ అనే ఆదివాసీ తెగ ఉంది. ఆ తెగకి చెందిన దిఫాంగ్, ఈగాయ్ అనే భార్యాభర్తలు 1988లో యూరప్ వెళ్లి తమ తెగ పాటలు పాడారు. అక్కడ రికార్డు చేసి సీడీ వేశారు. ఎనిగ్మా అనే జర్మనీ బృందం ఆ గొంతుల్ని తీసుకుని, కింద డ్రమ్ లూపు వేసి 'రిటర్న్ టు ఇన్నోసెన్స్' అనే పాట చేసింది. 1994కల్లా అది ప్రపంచమంతా మోగింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ప్రచారంలో కూడా వాడారు. పాడిన ముసలాయన పేరు అందులో ఎక్కడా లేదు. తన గొంతు అంత దూరం వెళ్లిందని ఆయనకి ఎవరూ ముందుగా చెప్పలేదు. 1998లో కోర్టుకి వెళ్లారు, 1999లో రాజీ కుదిరింది. పేరు ఇచ్చారు, డబ్బూ ఇచ్చారు. దిఫాంగ్ 2002లో చనిపోయాడు.

ఈ కథ చదివినప్పుడు మాకు మొదట కోపం వచ్చింది. తర్వాత ఎనిగ్మా చేసిన పనిలో టెక్నిక్ చూస్తే మా రీమిక్స్ టెక్నికే. గొంతు కొయ్యడం, లూపు కింద పెట్టడం, పేరు వదిలెయ్యడం. వాళ్లు జర్మనీ వాళ్లు, మేం ఊరివాళ్లం. ఆవిడకి అందులో తేడా ఏం కనిపించి ఉంటుంది?

మన చట్టంలో కూడా చూశాం. 1957 కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణతో పాడేవాళ్లకి, వాయించేవాళ్లకి, ఆడేవాళ్లకి తమ ప్రదర్శన మీద హక్కు వచ్చింది. కానీ తరతరాల పాట తెగ మొత్తానిదని ఒప్పుకుని కాపాడే ఏర్పాటు అందులో లేదు. అంటే ఫలానా మావయ్య వాయించిన ఆ రాత్రి తుడుముకి హక్కుంది, తుడుము పాటకి లేదు. కనీసం ఆ ఉన్న హక్కు ఆ మావయ్యకి తెలియాలంటే రికార్డింగు మీద ఆయన పేరుండాలి కదా. మళ్లీ "ట్రాక్ 07" దగ్గరికే వచ్చాం.

అందుకని ఇప్పుడు మేం చేసే పద్ధతి చెప్తాం, మీకు నచ్చితే తీసుకోండి. తీసే ముందు అడుగుతాం. తీశాక అదే రాత్రి ఊళ్లోనే చూపిస్తాం, గోడ మీద తెల్ల దుప్పటి కట్టి, హాస్టల్‌లో ఒక అన్న దగ్గర అరువు తెచ్చిన చిన్న ప్రొజెక్టర్‌తో. వద్దన్నది అక్కడే తీసేస్తాం. కొయ్యని ఫైలు విడిగా ఒక కార్డులో ఉంచుతాం. ఫైలు పేరులో ఊరు, పండగ, వాయించినవాళ్ల పేర్లు, ఎప్పుడు వినిపించొచ్చు, ఎప్పుడు కూడదు అన్నీ రాస్తాం. పేరు చాంతాడంత అవుతుంది, ఫోను ఒప్పుకోదు, అప్పుడు కాయితం మీద రాసి కార్డుకి చుడతాం. 2022లో పద్మశ్రీ వచ్చిన కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారు 2024లో చనిపోయారు. సమ్మక్క సారలమ్మ కథ ఆయన డోలి మీద పాడేవారు. ఆ వార్త చదివిన రోజు నుంచి మా తొందర ఎక్కువైంది. మా ఊళ్లో మోరి ఊదేవాళ్లు ఇద్దరే మిగిలారు.

రీమిక్స్ మానలేదు. గడులు ఆపేసి చేస్తున్నాం. తుడుముని మొత్తం ఒకే ముక్కగా కింద పెట్టి, మా బేస్‌ని దాని వెనక చేత్తో వాయిస్తున్నాం. దెబ్బ తప్పుతుంది, మళ్లీ వాయిస్తాం. ఒక నాలుగు నిమిషాల ట్రాక్‌కి పదిహేను రోజులు. ఈ చైత్రంలో మళ్లీ ఊళ్లో పెట్టాం. పెద్దమ్మ వాళ్ల వరస మూడు చుట్లు తెగకుండా తిరిగింది. నాలుగో చుట్టులో తెగింది కానీ అది ట్రాక్ తప్పు కాదంట, ఎవరో వదిన కాలు జారిందంట.

కొయ్యని రికార్డింగు కూడా గోడ మీద వేశాం, 41 నిమిషాలు. తుడుము మావయ్య చివరి దాకా కదలకుండా చూశాడు. జీవితంలో మొదటిసారి తను వాయించింది తను విన్నాడు. అయ్యాక మమ్మల్ని పక్కకి పిలిచి, ఇరవైరెండో నిమిషం దగ్గర తన చెయ్యి తప్పిందని, ఆ ముక్క తీసెయ్యమని అడిగాడు. మాకు అదే ఇష్టమైన చోటు. అక్కడ ఒక పెద్దమ్మ తూలితే ఆయన దెబ్బ ఆపి, ఆవిడ నిలబడ్డాక మళ్లీ అందుకున్నాడు. అది తప్పు కాదని చెప్పాం. "నా వాయింపు నాకు తెలీదేటిరా?" అన్నాడు.

తీసేశాం. కార్డులో ఉన్నది మాత్రం అలాగే ఉంచుతామని అడిగితే, తను పోయాక వినండి అన్నాడు.